ఒకే వంటింట్లో లక్ష్మీవారమూ, క్రిస్మస్ ముందు రాత్రీ

ప్రశ్న:

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. వయసు 36, వార్డు సచివాలయంలో ఉద్యోగం. ప్రేమ పెళ్లి. పుట్టింటివాళ్లు హిందువులు, అత్తవారిది బొబ్బిలి దగ్గర పల్లెలో మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం. తొమ్మిదేళ్ల పాప ఉంది.

పెళ్లయిన దగ్గర్నుంచీ డిసెంబరు 24 రాత్రి అత్తవారి ఊళ్లోనే గడిచేది. దీపాల వేళకి పెరట్లో కట్టెల పొయ్యి మీద నాటుకోడి పులుసు ఎక్కేది. మావగారు స్వయంగా కోడిని కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టి, పులుసు దించేవరకూ ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదట. పక్క పొయ్యి మీద అత్తగారు గారెలు వేసేవారు. అర్ధరాత్రి దాటాక క్యారల్స్ బృందం వచ్చి పాడి, ప్రార్థన చేసి, పోకుండలూ జంతికలూ తిని టీ తాగి వెళ్లేది. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే వరుసలో కూర్చుని గారెలు, కోడిపులుసు తినేవాళ్లు.

మావగారు నిరుడు పోయారు. ఆ ఏడాది పండగ చేసుకోలేదు. అక్టోబరులో అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది, అప్పట్నుంచీ విజయనగరంలో ఈవిడ దగ్గరే ఉంటున్నారు. హైదరాబాద్ నుంచి బావగారి కుటుంబం కూడా ఈసారి ఇక్కడికే వస్తోంది. అదే ఇంట్లో ఈవిడ తల్లి ఐదేళ్లుగా ఉంటున్నారు. ఆవిడ మార్గశిర లక్ష్మీవారాలు చేస్తారు. ఈ ఏడాది, అంటే 2026లో, డిసెంబరు 24 గురువారం. మార్గశిరంలో మూడో లక్ష్మీవారం.

"మా అమ్మ శాకాహారి కాదు. నాటుకోడి మా అత్తయ్య కంటే బాగా వండుతుంది. కానీ ఆ గురువారాలు మాత్రం ఇంట్లో గుడ్డు కూడా ఉండకూడదంటుంది. మా వారు 'రాత్రి పన్నెండు దాటితే శుక్రవారమే కదా, అప్పుడు వండుకుందాం' అన్నారు. అమ్మేమో 'తెల్లారేదాకా లక్ష్మీవారమే' అంది. అత్తయ్య 'నాకోసం గొడవ పడకండి, ఇంత మజ్జిగన్నం పెట్టండి చాలు' అన్నారు. ఆ రోజు నుంచి అందరితో కలిసి టేబుల్ దగ్గరికి రావడం మానేశారు. అమ్మ 'ఆ రెండ్రోజులూ తమ్ముడింటికి పోతాలే' అంటోంది. తోటికోడలు ఫోన్ చేసి 'బిరియానీ ఆర్డర్ పెట్టేద్దాం, ఎవరికీ శ్రమ ఉండదు' అంటోంది. ఈ ఇల్లు కట్టేటప్పుడు అమ్మ తన స్థలం అమ్మి డబ్బిచ్చింది. మొన్న మా పాప 'ఆ రాత్రి మనం అమ్మమ్మ పార్టీయా, నానమ్మ పార్టీయా' అని అడిగింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇద్దరిలో ఎవర్ని నొప్పించాలో మీరే చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ఎవర్ని నొప్పించాలని అడిగారు. ఇద్దరూ ఇప్పటికే నొచ్చుకుని ఉన్నారమ్మా. ఒకావిడ మజ్జిగన్నం చాలంటున్నారు, ఇంకొకావిడ తమ్ముడింటికి పోతానంటున్నారు. పైకి సర్దుబాటులా కనిపిస్తున్నాయి గానీ రెండూ అలకలే. ఈ రెండిట్లో ఏ ఒక్కదాన్ని 'సరే' అని ఒప్పుకున్నా, పై క్రిస్మస్ నాటికి అదే మాట మీకు తిరిగి వినిపిస్తుంది.

ముందు మీ అమ్మగారి పట్టింపు ఎంతవరకో సరిగ్గా కొలుద్దాం. ఆవిడ క్రిస్మస్ వద్దనలేదు. గుమ్మానికి స్టార్ కట్టొద్దనలేదు, క్యారల్స్ వాళ్లని రానివ్వొద్దనలేదు, కోడి అసలే తిననని అనలేదు. గురువారం తెల్లవారుజాము నుంచి శుక్రవారం తెల్లారేవరకూ ఇంట్లో నీచు వద్దన్నారు, అంతే. ఇరవై నాలుగ్గంటల మాట అది. లక్ష్మీవారం చేసేవాళ్లకి ఆ రోజు ఇల్లే పూజగది అన్నట్టుంటుంది. తెల్లవారకుండానే గుమ్మం కడిగి, ముగ్గు పెట్టి, పీట వేసి, అమ్మవారిని ఇంట్లోకి పిలుచుకుంటారు. మన ఉత్తరాంధ్రలో ఈ నెలకున్న పట్టు మీకు తెలియంది కాదు. విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర మార్గశిర గురువారాల్లో జనం ఎలా ఉంటారో చూస్తే మీ అమ్మగారి పట్టుదల వింతగా అనిపించదు.

ఇక మీ వారి లెక్క. పన్నెండు దాటితే శుక్రవారమే అన్నది గడియారం లెక్క. మీ అమ్మగారిది సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా సాగే పంచాంగం లెక్క. విచిత్రం ఏమిటంటే మీ వారి బైబిల్లోనూ రోజు అర్ధరాత్రి మొదలవదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో ముందు అస్తమయం వస్తుంది, తర్వాతే ఉదయం. 24 సాయంత్రం నుంచే క్రిస్మస్ వచ్చేసినట్టు చర్చిల్లో పాటలు మొదలయ్యేది ఆ పాత లెక్క వల్లే. కాబట్టి అర్ధరాత్రి పన్నెండు గంటల మీద తగువుపడి లాభం లేదు, ఇద్దరిలో ఎవరి ఆచారానికీ అది హద్దు కాదు.

ఇంకో సంగతి. క్రిస్మస్ ముందు రాత్రి మాంసం ఉండి తీరాలన్న నియమం క్రైస్తవంలో ఎక్కడా లేదు. చాలాచోట్ల దానికి పూర్తిగా ఎదురు. కేథలిక్కులకి ఒకప్పుడు 24 పగలు ఉపవాసం, మాంసం నిషిద్ధం. అర్ధరాత్రి పూజలో సత్ప్రసాదం తీసుకున్నాకే పండగ భోజనం. పోలండ్‌లో ఇప్పటికీ ఆ సాయంత్రం ఆకాశంలో తొలి చుక్క పొడిచాక భోజనానికి కూర్చుంటారు. పన్నెండు రకాలు వడ్డిస్తారు గానీ వాటిలో మాంసం ఉండదు, చేపలుంటాయి. అమెరికాలో స్థిరపడ్డ ఇటలీ కుటుంబాలు ఆ రాత్రి ఏడు రకాల చేపలు వండుకుంటాయి. అదీ మాంసం మానే అలవాటులోంచి పుట్టిన విందే. మన పక్కన కేరళలో సిరియన్ క్రైస్తవులు చాలామంది డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ దాకా ఇరవై అయిదు రోజుల నోన్బు పట్టి మాంసం, చేప ముట్టరు. మీ అమ్మగారు అడుగుతున్నది ఒక్క రోజే.

అయితే ఈ కబుర్లన్నీ మీ వారి ముందు వాదనకి పెట్టకండి. బాప్టిస్టు సంఘాల్లో ఈ ఉపవాసం పద్ధతి లేదు. 'పోలండ్ వాళ్లు తినరట, మీరూ మానండి' అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఇది మీ మనసులో భయం తగ్గడానికి చెప్పాను. కోడి లేకపోతే క్రిస్మస్ కాదేమోనన్న భయం మీకుంటే, అది అక్కర్లేదు.

మీ వారికి కావలసింది కోడి కాదేమోనని నా అనుమానం. పంతొమ్మిదో శతాబ్దంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళం వైపు వచ్చినప్పుడు ప్రార్థనలూ పాటలూ బడులూ తెచ్చారు. గారెలూ కోడిపులుసూ మన నేలవే. మూడు వారాలు ఆగితే కనుమనాడు మీ పుట్టింటి వైపు వాళ్లూ అవే వండుకుంటారు. కాబట్టి ఆ వంట మతానికి గుర్తు కాదు, మీ మావగారికి గుర్తు. ఆయన పోయాక మీరు చేసుకుంటున్న మొదటి పండగ ఇది. ఆ పొయ్యి దగ్గర ఇప్పుడెవరు నిలబడతారన్నది మీ వారి మనసులో ఉండి ఉంటుంది. పన్నెండు దాటాక 'వండుకుందాం' అన్నారు కదా, ఆ మాటలో వండేది ఎవరని ఆయన ఉద్దేశం? ఉత్తరంలో ఎక్కడా మీ వారు పొయ్యి వెలిగించినట్టు లేదు. అడిగి చూడండి. 'మీ నాన్నగారిలా మీరే వండుతారా' అన్న ప్రశ్నకి ఆయనిచ్చే జవాబుని బట్టి సగం దారి తెలుస్తుంది.

ఉత్తరం మధ్యలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. ఇంటికి మీ అమ్మగారు స్థలం అమ్మి డబ్బిచ్చారు. ఆ మాట ఇప్పుడు ఎవరూ పైకి అనడం లేదు, కానీ అందరికీ గుర్తుంది. మీ వారికి అది 'ఇది నా ఇల్లా, మా అత్తగారి ఇల్లా' అన్న గుచ్చు. మీ అమ్మగారికి అది 'డబ్బిచ్చాను గనుక పెత్తనం చేస్తున్నానని అనుకుంటారేమో' అన్న బెరుకు. తమ్ముడింటికి పోతాననడం వెనక ఆ బెరుకే ఉండొచ్చు. మీ అత్తగారికి అయితే ఇది తన ఇల్లు కాదు, ఆపరేషనై కొడుకు దగ్గర ఉన్న మనిషి. అందుకే మజ్జిగన్నం. ఈ డబ్బు సంగతి వంట గొడవలోకి రాకుండా చూసుకోవాల్సింది మీరే. ఎవరైనా కోపంలో ఆ మాట జారితే కోడి వండినా మానినా ఒకటే, ఆ పండగ చెడుతుంది. ఒకరోజు సాయంత్రం మీరూ మీ వారూ బయటికెళ్లి, పిల్లా పెద్దలూ లేకుండా దీని గురించి మాట్లాడుకోండి. ఇంట్లో తలుపులు వేసుకుని మాట్లాడితే అవతల ఇద్దరూ చెవులు రిక్కించుకుని ఉంటారు.

ఇక దారుల సంగతి. నాకు కనిపించినవి చెబుతాను, ఎంచుకోవలసింది మీ ఇంటివాళ్లే.

24 రాత్రి నీచు లేకుండా గడిపి, కోడిని 25 పొద్దుటికి మార్చడం ఒక దారి. డిసెంబరు చివర్లో మన వైపు సూర్యోదయం ఆరున్నర లోపే అవుతుంది. ఆ తర్వాత పొయ్యి వెలిగిస్తే మీ అమ్మగారి లెక్క ప్రకారం కూడా శుక్రవారమే. అయితే నాటుకోడి బ్రాయిలర్‌లా అరగంటలో ఉడికే సరుకు కాదు. పెట్ట ముదురుదైతే గంటన్నర కూడా పట్టొచ్చు. తెల్లవారుతూనే కోసిన కోడి ఇంటికి చేరాలి, ఉల్లిపాయలూ మసాలా ముందే సిద్ధంగా ఉండాలి, ఆరాధనకి వెళ్లేలోపు పులుసు దిగాలి. లేదంటే చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం భోజనానికి పెట్టుకోవాలి. రెండోదే సుఖం. ఇంకో జాగ్రత్త, శుక్రవారం సంగతి కూడా అమ్మగార్ని ముందే అడగండి. లక్ష్మీవారం చేసేవాళ్లు కొందరు శుక్రవారం కూడా నీచు పెట్టరు. అందరూ సరే అనుకున్నాక 24 రాత్రి ఆ మాట బయటపడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ దారిలో మీ అమ్మగారు నిశ్చింతగా ఉంటారు. పోయేది మీ వారికి, అర్ధరాత్రి చలిలో వేడి పులుసు తినే ఆ గంట. దాన్ని చిన్నదిగా చూడకండి. ఆ రాత్రి వడ్డించేదేదో వేడిగా, ఘుమఘుమలాడేలా ఉండాలి. గారెలు ఎలాగూ ఉంటాయి, మీ అత్తగారి చేతివే. గారెల్లోకి అల్లం పచ్చడి, కొన్ని బెల్లం పాకంలో వేసినవి, కొన్ని ఆవ పెట్టిన పెరుగులో నానినవి. ఉల్లి, వెల్లుల్లి ఆ రోజు నడుస్తాయో లేదో అడిగి దాన్నిబట్టి కూర చూసుకోండి. కోడి బదులని చెప్పి మీల్‌మేకర్ పులుసు మాత్రం పెట్టకండి. ప్రతి ముద్దకీ కోడే గుర్తొస్తుంది.

రెండో దారి డాబా మీద విడి పొయ్యి. ఇలా రెండు పద్ధతులున్న ఇళ్లలో విడి గిన్నెలు, విడి పొయ్యి పెట్టుకోవడం మామూలే. మీ అమ్మగారు 'ఇంట్లో' అన్నప్పుడు డాబా కూడా లెక్కేనా అన్నది ఆవిడే చెప్పాలి. ఒప్పుకుంటే మీ వారూ బావగారూ పైన కట్టెల పొయ్యి పెట్టుకుని వాళ్ల నాన్నగారి వంట వాళ్లే చేసుకోవచ్చు. వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంది. కానీ మోకాలి ఆపరేషనై మూడు నెలలు నిండని మనిషి అర్ధరాత్రి మెట్లెక్కి పైకి ఎలా వెళ్తారు? ఆవిడ కింద, పండగ పైన అవుతుంది. పులుసు కిందికి తెస్తే మీ అమ్మగారి పట్టింపు దెబ్బతింటుంది. అమ్మగారు గదిలో తలుపేసుకుంటే వ్రతం చేసుకున్న మనిషిని పక్కకి నెట్టినట్టు ఉంటుంది. పైగా గిన్నెలు, గరిటెలు, రెండు వంటలు, రెండు శుభ్రాలు. మగవాళ్లు పైన పొయ్యి దగ్గర కబుర్లు చెప్పుకుంటుంటే ఉల్లిపాయలు తరగడానికీ ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికీ పైకీ కిందకీ తిరిగేది మీరే. ఈ దారి ఎంచుకుంటే 'పైన పని మొత్తం మగవాళ్లదే' అని ముందే మాట తీసుకోండి.

మూడోది బొబ్బిలి దగ్గర మీ ఊరి ఇల్లు. ఉత్తరంలో దాని ఊసే లేదు. అమ్మేశారా, తాళం వేసి ఉందా? ఉందంటే ఆలోచించదగ్గ దారే. పొద్దున మీరు అమ్మగారి పూజ దగ్గర ఉండి, భోజనం అయ్యాక బయల్దేరితే చీకటి పడకముందే ఊరు చేరొచ్చు. అదే పెరడు, అదే పొయ్యి, మావగారిని ఎరిగిన సంఘంవాళ్లే క్యారల్స్‌కి వస్తారు. మీ అత్తగారు అక్కడ అతిథి కారు, ఇల్లాలు. ఇక్కడ విజయనగరంలో మీ అమ్మగారి వ్రతం ఎవరి అడ్డూ లేకుండా సాగుతుంది, ఎవర్నీ ఎక్కడికీ పంపక్కర్లేదు. చిక్కులూ ఉన్నాయి. ఏడాదిగా పండగ చేయని ఇల్లు దులపాలి, నీళ్లు పట్టాలి. పల్లెటూరి ఇంట్లో మరుగుదొడ్డి కింద కూర్చునేదైతే మీ అత్తగారికి అసాధ్యం, కమోడ్ కుర్చీ ఒకటి కొనాలి లేదా అద్దెకి తేవాలి. ప్రయాణం మాట డాక్టర్ని అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రి మీ అమ్మగారు ఒంటరిగా ఉంటారు. ఆవిడకి అది హాయా, బెంగా? పక్కింటివాళ్లు తోడుంటే చాలనే మనిషి అయితే ఇదే అందరికీ తేలిక. కాదంటే ఈ దారి వద్దు.

తమ్ముడింటికి పంపడం నాకు నచ్చలేదని ముందే తెలుస్తూనే ఉంది కదా. ఒక్క సందర్భంలో తప్ప. మీ అమ్మగారు ఎప్పటినుంచో బురుజుపేట వెళ్లి మార్గశిర గురువారం దర్శనం చేసుకోవాలని, అక్కడే తమ్ముడింట్లోనో చుట్టాలింట్లోనో ఉండాలని అనుకుంటూ ఉంటే, ఆ మాట ఆవిడ నోటి నుంచి సంతోషంగా వస్తే, వెళ్లనివ్వండి. కానీ ఆవిడ మాట మార్చడానికి మీరు దర్శనం ఆశ చూపించకండి. పెద్దవాళ్లు ఆ ఎత్తు ఇట్టే పట్టేస్తారు.

బిరియానీ ఆర్డర్ గురించి రెండు ముక్కలు. అది శ్రమకి మందు, ఈ గొడవకి కాదు. మీ తోటికోడలికి థాంక్స్ చెప్పి, 26 మధ్యాహ్నానికి పెట్టించమనండి. ఆ రోజుకి అందరూ అలిసిపోయి ఉంటారు, అప్పుడు దానంత మంచిది లేదు.

ఇప్పుడు మీరు గమనించారో లేదో గానీ అసలు ముల్లు ఇంకొకటుంది. మూడో లక్ష్మీవారానికి నైవేద్యం అప్పాలు, పరమాన్నం. మీ అమ్మగారు చేస్తారు. మనవరాలికి పెడతారు, అల్లుడికి పెడతారు, వియ్యపురాలికీ ఒక గిన్నె పంపుతారు. పంపకుండా ఎలా ఉంటారు? బాప్టిస్టు కుటుంబంలో పెరిగిన మీ అత్తగారు నైవేద్యం పెట్టిన పరమాన్నం తింటారా? చాలామంది తినరు. తినకపోతే మీ అమ్మగారు అవమానంగా తీసుకుంటారు, తింటే మీ అత్తగారు మనసులో నలుగుతారు. ఇన్నేళ్లూ ఇద్దరూ వేరే ఇళ్లలో ఉన్నారు గనుక ఈ పరిస్థితి రాలేదు, ఇప్పుడు వస్తుంది. ఇది కోడిలా వాదించుకునే విషయం కాదు, గిన్నె చేతికిచ్చిన క్షణంలో జరిగిపోతుంది.

దీనికి ఉపాయం కష్టమేమీ కాదు. పరమాన్నం రెండు గిన్నెల్లో వండించండి. ఒకటి అమ్మవారికి, రెండోది పూజ దగ్గరికి వెళ్లకుండా పొయ్యి మీంచి నేరుగా టేబుల్ మీదికి. ఒకే గిన్నెలోంచి ముందే కొంచెం తీసి పక్కన పెడదామంటే మీ అమ్మగారు నైవేద్యానికి ముందు తీయకూడదనొచ్చు, అందుకే విడి గిన్నె. అదే కొత్తబియ్యం, అదే బెల్లం, అదే చెయ్యి. ఎందుకలా అని అమ్మగారికి ముందురోజే విడమరిచి చెప్పండి. మీ అత్తగారికి ఇచ్చేటప్పుడు 'ఇది పూజకి పెట్టింది కాదు అత్తయ్యా' అని ఒక్క మాట చెబితే చాలు. ఆవిడ బైబిల్లో మొదటి కొరింథీయుల పత్రిక ఎనిమిదో అధ్యాయం ఎన్నిసార్లు చదివుంటారో! విగ్రహాలకి పెట్టిన వాటి గురించి పౌలు రాసింది అక్కడే. తన తిండి వల్ల సోదరుడికి అభ్యంతరం కలిగేటట్టయితే తాను మాంసమే ముట్టనని ఆ అధ్యాయం చివర రాసిందీ ఆయనే. ఆ వాక్యం మీరు ఆవిడకి గుర్తు చేయకండి, కోడలు వాక్యం చెబితే ఎవరికైనా చురుక్కుమంటుంది. ఆవిడంతట ఆవిడ అన్నారంటే 24 రాత్రి సంగతి ఆవిడే తేల్చేసినట్టు.

అసలు మీ అత్తగారికి ఏం కావాలో ఎవరైనా అడిగారా? ఉత్తరమంతా వెతికాను. మీ వారు ఆవిడ తరఫున మాట్లాడారు, ఆవిడ మజ్జిగన్నం అన్నారు, అక్కడితో అయిపోయింది. భర్త లేకుండా చేసుకునే మొదటి క్రిస్మస్ రాత్రి ఆవిడకి కోడిపులుసు తినాలని ఉందా, లేక ఆ వాసన వస్తేనే ఏడుపొస్తుందా? రెండూ జరగొచ్చు. ఫిజియోథెరపీ అయ్యాక ఆవిడ మంచం మీద కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని అడగండి. 'గొడవ' అన్న మాట ఎత్తకండి. 'ఆ రాత్రి మావయ్య లేకుండా ఎలా చేద్దాం' అని అడగండి చాలు.

పని సంగతి ఒకటి మిగిలింది. పండక్కి ముందు వారం సచివాలయం డ్యూటీ, ఇంటికొచ్చి పిండివంటలు, బావగారి కుటుంబానికి పక్కలు, ఈ రెండు వంటల లెక్కలు. 19, 20 తేదీలు శని, ఆదివారాలు. పిండివంటలు ఆ రెండ్రోజుల్లో కానివ్వండి. తడిపిండి మరపట్టించడం, బెల్లం పాకం చూడడం మీ అమ్మగారికి వదిలేయండి. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలి, ఇంకొంచెం ముదిరితే పోకుండలు పన్నుకి కూడా దిగవు. అది చూసే చెయ్యి ఆవిడకుంది. ఉండలు చుట్టడం టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని చేసే పని, మోకాలితో పని లేదు. అది మీ అత్తగారిది. ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చుంటారు. మాట్లాడుకుంటారని నేను హామీ ఇవ్వను. నెయ్యి ఎక్కువైందనో, యాలకులు తక్కువయ్యాయనో ఒక చిన్న తగువు రావచ్చు. అది రానివ్వండి, మజ్జిగన్నం కంటే ఆరోగ్యం. జంతికలు మాత్రం స్వగృహ షాపులో కొనేయండి, ఎవరూ అడగరు.

పాప ప్రశ్నకి మీరు ఏం చెప్పారో రాయలేదు. 'రెండు పార్టీలూ' అని చెప్పి వదిలేయకండి, పిల్లలకి అది తప్పించుకునే జవాబులా వినిపిస్తుంది. ఏం జరగబోతోందో వివరంగా చెప్పండి. పొద్దున అమ్మమ్మ పూజ, అప్పాలు. రాత్రి క్యారల్స్, గారెలు. మర్నాడు చర్చి, తర్వాత కోడి. ఏది ఎందుకో పెద్దవాళ్లని అడిగి తెలుసుకోమనండి. తాతయ్య కోడి ఎలా వండేవారో నాన్నని అడగమనండి. మీరు అడిగితే మీ వారు ముభావంగా ఉండొచ్చు, కూతురు అడిగితే చెబుతారు.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో ఆ రాత్రి మీరేం తినాలనుకుంటున్నారో ఎక్కడా లేదు. అది కూడా ఒక ఓటే, ఎక్కడో ఒకచోట వేయండి.

చివరిగా ఒక హెచ్చరిక. 24 గురువారమైతే 31 కూడా గురువారమే, నాలుగో లక్ష్మీవారం. ఆ రాత్రి మీ అత్తవారి సంఘంలో వాచ్‌నైట్ ప్రార్థన ఉంటుంది, కొత్త సంవత్సరం అర్ధరాత్రి విందు ఉంటుంది. ఇప్పుడు ఏ దారి ఎంచుకున్నా వారం తిరిగేసరికి మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, అప్పటికి బావగారివాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటారు, సర్దడానికి మీరొక్కరే ఉంటారు. అందుకని రెండు రాత్రుల సంగతీ ఒకేసారి తేల్చుకోండి. నాలుగో వారం నైవేద్యం చిత్రాన్నం, గారెలు. ఎలాగూ గారెలే గనుక మీ వారికి ఇప్పుడే చెప్పి ఉంచండి, వాచ్‌నైట్ నుంచి వచ్చేసరికి పూజకి పెట్టనివి ఒక పళ్లెం వేడిగా ఉంటాయని, కోడి మాత్రం జనవరి 1 మధ్యాహ్నానికేనని.